కొండ ఎక్కడానికి అప్పు దొరికింది, దిగడానికి?

ప్రశ్న: నా వయసు 36. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. చేతికి నెలకు 68,000 వస్తుంది. భార్య, అయిదేళ్ల పాప, 64 ఏళ్ల నాన్నగారు నాతోనే ఉంటారు. నాన్నగారికి షుగర్, బీపీ ఉన్నాయి. ఇంటి ఖర్చు 46,000, కారు ఈఎంఐ 9,500 (ఇంకో 14 నెలలు కట్టాలి), సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) 8,000. బ్యాంకులో 1,20,000 ఉంది. ఆఫీసు ఇచ్చిన 5 లక్షల ఆరోగ్య బీమాలో అందరం ఉన్నాం. అక్టోబరులో నలుగురు మిత్రులతో ఎవరెస్టు బేస్ క్యాంపు ట్రెక్‌కు వెళ్లాలని 20,000 అడ్వాన్సు కట్టాను. ఇంకా 2,60,000 కావాలి. అందులో ప్యాకేజీ బాకీ 1,25,000, కఠ్మాండూకు రానూపోనూ విమానం 30,000, బూట్లు, జాకెట్లు, స్లీపింగ్ బ్యాగు వగైరా 65,000, చేతి ఖర్చు 40,000. పొదుపులోంచి 60,000 తీస్తాను. మిగతా 2 లక్షలు ఫోనులోని యాప్ 15 శాతం వడ్డీకి, మూడేళ్ల గడువుతో వెంటనే ఇస్తానంటోంది. గోల్డ్ లోన్ అయితే చవక అని ఒక మిత్రుడు అంటున్నాడు. మార్చిలో 90,000 బోనస్ రాగానే చాలావరకు తీర్చేస్తాను. ఏ అప్పు మంచిది? సెలవు తక్కువ కాబట్టి పది రోజుల ప్యాకేజీ తీసుకున్నాం. రోజూ ఎనిమిది కిలోమీటర్లు నడుస్తున్నాను. బీపీకి చిన్న మాత్ర తప్ప నాకు ఆరోగ్య సమస్యలు లేవు. మన పూర్ణ పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కింది కదా, బేస్ క్యాంపు వరకు నడవలేనా అనిపిస్తోంది.

జవాబు: రెండు అప్పులూ వద్దు. ఈ అక్టోబరు ప్రయాణమూ వద్దు.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తాయి. ఊరి పేరు మారుతుంది, అప్పు పేరు మారుతుంది, లెక్క మాత్రం మారదు. ఎక్కడ చూసినా అంతా సవ్యంగా జరిగితే ఎంత ఖర్చవుతుందో రాస్తారు. జరగకపోతే ఎంతవుతుందో రాసినవారు అరుదు. మీరూ 2,60,000 అణాపైసలతో సహా లెక్కవేశారు గానీ, అందులో బీమాకు ఒక్క రూపాయి లేదు. వెనక్కి తిరగవలసి వస్తే అయ్యే ఖర్చూ లేదు. బేస్ క్యాంపు 5,364 మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తుకు వెళ్తున్న మనిషి చిట్టాలో జాకెట్టుకు చోటు దొరికి, బీమాకు దొరకలేదు.

ముందు అప్పు సంగతి తేల్చేద్దాం. 2 లక్షలు, 15 శాతం, మూడేళ్లు అంటే నెలకు దాదాపు 6,930. వడ్డీ మొత్తం 49,600 దాకా అవుతుంది, ప్రాసెసింగ్ ఫీజు దానికి అదనం. మీ ఖర్చు, ఈఎంఐ, సిప్ కలిపితే 63,500. చేతిలో మిగిలేది 4,500. మిగతా 2,430 ఎక్కడినుంచి తెస్తారు? మొదట క్రెడిట్ కార్డు నుంచి వస్తుంది. గడువులోగా తీర్చని కార్డు బకాయికి నెలకు దాదాపు మూడున్నర శాతం వడ్డీ పడుతుంది. బోనస్‌తో తీర్చేస్తానన్న మాట చదివితే ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నది గుర్తొచ్చింది. బోనస్ కంపెనీ ఇస్తే వచ్చేది, ఈఎంఐ ఇవ్వకపోయినా కట్టవలసింది. గోల్డ్ లోన్‌కు వడ్డీ తక్కువే కావచ్చు. ఆ బంగారం ఎవరిదో, వారిని అడిగారో లేదో మీరు రాయలేదు. ఇక యాప్ మాట. అప్పు ముందే ఆమోదించామని వచ్చే సందేశం మీ స్తోమతకు ఎవరో ఇచ్చిన ధ్రువపత్రం కాదు. వారి సరుకు వారు అమ్ముకుంటున్నారు, అంతే.

ఇప్పుడు అసలు విషయం, అత్యవసర నిధి. ఇంటి ఖర్చు, కారు ఈఎంఐ కలిపి నెలకు 55,500 కాబట్టి ఆరు నెలలకు 3,33,000 ఉండాలి. మీ దగ్గర 1,20,000 ఉంది. అందులో సగం తీసేస్తే మిగిలేది నెల ఖర్చు. షుగర్, బీపీ ఉన్న తండ్రి, చిన్న పిల్ల, ఒక్క జీతం ఉన్న ఇల్లు అది. మీరు సిగ్నల్ సరిగా దొరకని చోట ఉండగా నాన్నగారిని ఆస్పత్రిలో చేర్చవలసి వస్తే, మీ భార్య చేతిలో ఉండేది ఆ 60,000. బీమా ఉందిగా అంటారు. అడ్మిషన్ సమయంలో ఆస్పత్రులు అడ్వాన్సు అడగడం, కొన్ని ఖర్చులు బీమా కిందికి రాకపోవడం మీకు తెలియనివి కావు.

ఈ నిధి ఇంటికే అనుకోకండి, కొండ మీద మీకూ అదే కావాలి. నడక మొదలయ్యే లుక్లా సుమారు 2,860 మీటర్ల ఎత్తు, దారిలో మజిలీలు నామ్చే బజార్ 3,440, డింగ్‌బోచే 4,410, చివరిదైన గోరక్‌షెప్ 5,164. మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలని వైద్యులు చెబుతారు. అందుకే మామూలు ప్యాకేజీల్లో నామ్చేలో ఒక రోజు, డింగ్‌బోచేలో ఒక రోజు విశ్రాంతి ఉంటుంది. లుక్లా నుంచి వెళ్లి రావడానికే దాదాపు పన్నెండు రోజులు పడుతుంది, కఠ్మాండూ రోజులు అదనం. మీ పది రోజుల ప్యాకేజీలో ఎక్కడ కోత పడిందో కార్యక్రమం తీసి చూడండి. ఆ విశ్రాంతి రోజులే పోయి ఉంటాయి. రోజూ ఎనిమిది కిలోమీటర్లు నడవడం కాళ్లకు మంచిదే, కానీ పలుచని గాలి వల్ల వచ్చే జబ్బుకు అది అడ్డుకట్ట కాదు. బాగా వ్యాయామం చేసేవారికీ అది వస్తుంది. తలనొప్పి, వాంతులతో మొదలై ఊపిరితిత్తుల్లోకి నీరు చేరేదాకా, మెదడు వాచేదాకా పోవచ్చు. అప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన చికిత్స వెంటనే కిందికి దిగడం.

దిగడానికి డబ్బు కావాలి. గోరక్‌షెప్‌కు ముందు మజిలీ లోబుచేలో తల పగిలిపోతోందనుకోండి. ఒక రోజు ఆగితే గది, భోజనం, గైడు కూలి అదనం. వెనక్కి తిరిగితే లుక్లా విమానం తేదీ మారుతుంది, కఠ్మాండూలో హోటల్ రోజులు పెరుగుతాయి, హైదరాబాద్ టికెట్ మళ్లీ కొనాలి. చేతిలో డబ్బున్నవాడు దిగుతాడు. మూడేళ్ల ఈఎంఐ నెత్తిన పెట్టుకుని వచ్చినవాడు రెండు మాత్రలు మింగి పైకి నడుస్తాడు. ఇంత అప్పు చేసి వచ్చింది ఇక్కడ తిరిగిపోవడానికా అనుకుంటాడు. అప్పుతో వెళ్లవద్దని నేను గట్టిగా అనడానికి వడ్డీ కన్నా పెద్ద కారణం ఇదే.

లుక్లా విమానాలు మబ్బు పడితే ఆగిపోతాయి, ఒక్కోసారి రెండు మూడు రోజులు. రద్దీ సీజన్లలో చాలా విమానాలు కఠ్మాండూ నుంచి కాకుండా రామేఛాప్ నుంచి బయలుదేరతాయి. అక్కడికి రోడ్డు మీద నాలుగైదు గంటల ప్రయాణం. తిరుగు టికెట్‌కు ముందు రెండు రోజులైనా ఖాళీ ఉంచుకోనివాడికి ఈ ప్రయాణం లెక్క తప్పుతుంది. నామ్చే దాటాక ఏటీఎంను నమ్ముకోలేరు. పైకి పోయేకొద్దీ తాగే నీళ్లు, ఫోను చార్జింగ్, వేడినీళ్ల స్నానం అన్నిటికీ ధర పెరుగుతుంది. 40,000 చేతి ఖర్చులో ఆలస్యానికి ఏమీ మిగలదు.

బీమా గురించి. ఆఫీసు ఇచ్చే ఆరోగ్య బీమా లాంటివి సాధారణంగా భారతదేశంలో చికిత్సకే పనికొస్తాయి. ప్యాకేజీలో బీమా ఉందని ఏజెంటు అంటే అది ఎవరికని అడగండి. చాలాసార్లు అది గైడ్లకు, పోర్టర్లకు చేసినది. మీరు విడిగా ప్రయాణ బీమా తీసుకోవాలి. అది కూడా ట్రెక్కింగ్ కలిసి ఉందన్న ఒక్క మాట చూసి కాదు. ఎన్ని మీటర్ల వరకు వర్తిస్తుందో అంకెలో రాసి ఉండాలి. చాలా పాలసీలు మూడు నాలుగు వేల మీటర్ల దగ్గరే ఆగిపోతాయి. బేస్ క్యాంపుకు వెళ్లినవారు మర్నాడు తెల్లవారుజామున పక్కనే ఉన్న కాలాపత్తర్ గుట్ట ఎక్కుతారు. అది ఐదున్నర వేల మీటర్లు దాటుతుంది. పాలసీలో 5,500 అని ఉంటే, మీ ఫొటోల్లో అన్నిటికన్నా బాగుండే ఆ గంట బీమా లేని గంట. కాబట్టి 6,000 మీటర్ల వరకు ఉండాలి, నేపాల్ పేరు ఉండాలి, హెలికాప్టర్‌తో దింపే ఖర్చు స్పష్టంగా ఉండాలి. పైనుంచి కఠ్మాండూకు హెలికాప్టర్ అంటే సాధారణంగా మూడు వేల నుంచి ఆరు వేల డాలర్ల దాకా చెబుతారు. అంటే మీరు చేయబోయే అప్పు కన్నా ఎక్కువ. బీమా సంస్థ హామీ గానీ మీ కార్డు గానీ లేకుండా అది రావడం కష్టం.

బీమా సంస్థ హెల్ప్‌లైన్‌కు ముందుగా ఫోన్ చేసి అనుమతి తీసుకోకుండా హెలికాప్టర్ ఎక్కితే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. అవసరం లేకపోయినా యాత్రికులను హెలికాప్టర్లలో దింపి బీమా సొమ్ము గుంజిన వ్యవహారం 2018లో నేపాల్ ప్రభుత్వ విచారణలో బయటపడింది. అప్పటినుంచి బీమా సంస్థలు ఈ క్లెయిమ్‌లను భూతద్దం పెట్టి చూస్తున్నాయి. ఆ హెల్ప్‌లైన్ నంబరు మీ దగ్గర, గైడు దగ్గర, ఇంట్లో మీ భార్య దగ్గర ఉండాలి.

ఇక ఆ చిన్న మాత్ర. ఆరోగ్య సమస్యలు లేవంటూనే బీపీకి మాత్ర వాడుతున్నట్లు రాశారు. బీమా దరఖాస్తులో ఇలాగే దాటవేస్తే, క్లెయిమ్ తిరస్కరించే కారణం మీరే వారి చేతిలో పెట్టినట్లు. ఉన్నది ఉన్నట్లు రాయండి, ప్రీమియం కాస్త పెరిగినా సరే. ఎత్తుకు వెళ్లే ముందు ఆ మాత్ర ఇచ్చిన డాక్టరుతో మాట్లాడండి. ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ లాంటివి మిత్రులు వాడుతున్నారని వాడవద్దు, సల్ఫా మందులు పడనివారు మరీ జాగ్రత్తగా ఉండాలి.

నాన్నగారి విషయం ట్రెక్ కన్నా ముందు. ఆయన ఆరోగ్య రక్షణ మీ ఉద్యోగానికి కట్టి ఉంది. ఉద్యోగం మారితే, పోతే అదీ పోతుంది. అప్పుడు వెతుక్కుంటే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా నిరీక్షణ గడువు, అంటే వాటికి బీమా సొమ్ము రాని కాలం, ఉండవచ్చు. ఆ గడియారం ఇప్పుడే మొదలుపెట్టండి, ఆయనకు విడిగా పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై జీఎస్టీ కూడా లేదు. మీ పేరున టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటికి సొమ్ము ఇచ్చే జీవిత బీమా) ఉందో లేదో రాయలేదు. లేకపోతే ఈ ఉత్తరంలో అన్నిటికన్నా పెద్ద లోపం అదే.

సామాను ఖర్చు 65,000 కూడా నాకు మింగుడుపడలేదు. మందపాటి డౌన్ జాకెట్టు హైదరాబాద్‌లో ఏ నెలలో వేసుకుంటారు? అదీ, స్లీపింగ్ బ్యాగూ కఠ్మాండూ థమెల్ వీధుల్లో రోజుకింత అని అద్దెకు దొరుకుతాయి. బూట్లు మాత్రం సొంతంగా కొనండి, నెలల ముందే కొని నడిచి కాళ్లకు అలవాటు చేసుకోండి. లోపలి దుస్తులు, నీటిని శుద్ధి చేసే మాత్రలు, తలకు కట్టుకునే లైటు, మోకాళ్లకు సాయంగా రెండు కర్రలు చాలు. మొత్తం పాతిక వేలకు మించదు.

ఎప్పుడు వెళ్లవచ్చంటే, ఈ ఆగస్టు నుంచి సిప్ ఆపండి. సిప్ ఆపమని చెప్పే సలహాదారు మీకు ఎక్కువమంది దొరకరు, నేను చెబుతున్నాను. ఆ 8,000, మిగులు 4,500 కలిపి 12,500 అత్యవసర నిధిలో వేయండి. 14 నెలల తర్వాత కారు ఈఎంఐ పోతే అది 22,000 అవుతుంది. పదహారు నెలలకు నిధి నిండుతుంది. ఆ తర్వాత పది నెలలు అదే మొత్తం ట్రెక్ కోసం దాస్తే, అద్దె సామానుతో తగ్గిన ఖర్చుకు సరిపోయే 2,20,000 చేతిలో ఉంటుంది. అంటే వచ్చే ఏడు కాక ఆపై ఏటి అక్టోబరు. మార్చి బోనస్‌లు నిజంగానే వస్తే అదే ఏడాది ఏప్రిల్-మే సీజన్‌కే కుదరవచ్చు. నాన్నగారి ప్రీమియం, మీ ప్రయాణ బీమా కూడా ఇందులోంచే పోవాలి కాబట్టి ఒక సీజన్ అటూ ఇటూ అవుతుంది. 36 ఏళ్లవారికి అదేమంత ఆలస్యం కాదు. అరవై దాటినవారూ ఆ దారిన నడుస్తున్నారు. ఈలోగా కొండలు చూడాలనిపిస్తే యూత్ హాస్టల్స్ సంఘం హిమాచల్‌లో తక్కువ ఖర్చుతో నడిపే ట్రెక్కులు ఉన్నాయి. మీ శరీరం ఎత్తుకు ఎలా స్పందిస్తుందో అక్కడ కొంత తెలుస్తుంది.

పూర్ణ పేరు తెచ్చారు కాబట్టి ఒక మాట. మాలావత్ పూర్ణ 2014 మేలో ఎవరెస్టు ఎక్కేముందు భువనగిరి బండల మీద, డార్జిలింగ్‌లో శిక్షణ పొందింది. ఖర్చును ప్రభుత్వ గురుకుల సంస్థ భరించింది. సెలవు లేదని ఆ అమ్మాయి విశ్రాంతి రోజులు తగ్గించుకోలేదు, ఈఎంఐ కట్టలేదు.

కట్టిన 20,000 పోతుందన్న బెంగ మీ ఉత్తరంలో కనిపించకపోయినా, మనసులో ఉండే ఉంటుంది. ఏజెంటుకు ఈ వారమే ఫోన్ చేసి రద్దు అని కాకుండా తేదీ మార్చమని అడగండి. బయలుదేరడానికి ఇంకా సమయం ఉంది కాబట్టి ఒప్పుకునే అవకాశం ఎక్కువ. ఒప్పుకుంటే అడ్వాన్సు ఏ సంవత్సరం వరకు చెల్లుతుందో, అప్పటి ధరకు దాన్ని సర్దుతారో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. ఒప్పుకోకపోతే 20,000 వదిలేయండి. యాప్‌కు కట్టబోయే వడ్డీలో అది సగం కూడా కాదు. కొత్తగా తేదీ తీసుకునేటప్పుడు మాత్రం పది రోజుల కార్యక్రమం వద్దని, నామ్చేలో, డింగ్‌బోచేలో ఆగే రోజులు ఉండాలని అందులోనే రాయించండి.