సామిల్లు పొట్టు నుంచి ఫర్‌ఫ్యూరాల్: జియోలైట్ వాడాలనుకునేవారికి

వరంగల్ సామిల్లుల్లో దొరికే రంపపు పొట్టు నుంచి ఫర్‌ఫ్యూరాల్ (రెజిన్లు, ద్రావకాల తయారీలో వాడే రసాయనం) తీయడానికి సల్ఫ్యూరిక్ ఆమ్లానికి బదులు జియోలైట్ (సన్నని రంధ్రాలున్న ఘన ఆమ్ల ఉత్ప్రేరకం) వాడవచ్చా అని మీరు అడిగారు. వాడవచ్చు. అయితే ఫర్‌ఫ్యూరాల్‌గా మారే చక్కెర అయిన స్వచ్ఛమైన జైలోజ్‌తో వచ్చిన దిగుబడిని చూసి ఉత్ప్రేరకాన్ని ఎంచుకోకండి. అసలు పొట్టుతో దాన్ని రెండోసారి, మూడోసారి వాడినప్పుడు ఎంత ఇస్తుందో చూశాకే నిర్ణయించుకోండి.

అమెరికాలో క్వేకర్ ఓట్స్ సంస్థ 1920లలోనే ఓట్స్ గింజల పొట్టును సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ఉడికించి ఫర్‌ఫ్యూరాల్ తయారు చేసింది. ద్రవరూపంలోని ఆమ్లం కట్టె లోపలికి ఇంకుతుంది. జడ్‌ఎస్‌ఎమ్-5 వంటి జియోలైట్ రంధ్రాలు సుమారు 0.55 నానోమీటర్లే కాబట్టి, హెమీసెల్యులోజ్ (కట్టెలో జైలోజ్ వంటి చక్కెరల గొలుసు) ముందుగా వేడినీటిలో కరిగి చిన్న చక్కెరలుగా విడిపోతే తప్ప అందులోకి చేరలేదు.

ఇక్కడి ప్రయోగశాలలో జామాయిల్ పొట్టుతో పనిచేసినప్పుడు నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది బూడిద, అంటే కట్టెలోని ఖనిజ లవణాలు. తెల్లగా వేసిన జియోలైట్ ముదురు గోధుమ రంగులో బయటికి వచ్చేది. కొలిమిలో గాలి తగిలేలా 550 డిగ్రీల వద్ద కాలిస్తే మళ్లీ తెల్లబడేది, కానీ పనితనం పూర్తిగా తిరిగి వచ్చేది కాదు. కాల్చడం వల్ల పోయేది పేరుకున్న మసి మాత్రమే. పొట్టులోంచి వచ్చి ఆమ్ల స్థానాల్లో (జియోలైట్‌లో చర్య జరిపే చోట్లలో) కూర్చున్న పొటాషియం, కాల్షియం అక్కడే ఉంటాయి. వాటిని వదిలించాలంటే అమ్మోనియం నైట్రేట్ ద్రావణంలో కలియబెట్టి, కడిగి, మళ్లీ కాల్చాలి. అంతకన్నా, జామాయిల్ బెరడులో కాల్షియం ఎక్కువ కనుక బెరడు కలవని పొట్టు తెచ్చుకుని, పలుచని ఆమ్లంతోనూ ఆ తర్వాత నీటితోనూ ముందే కడగడం మేలు.

ఘన ఉత్ప్రేరకమే పనిచేస్తోందా, లేక అందులోంచి కరిగిన ఆమ్లం పనిచేస్తోందా అన్నది కూడా తేల్చుకోవాలి. చర్య సగంలో ఉండగా, వేడి మీదే వడకట్టి, ఆ ద్రవాన్ని మాత్రమే మళ్లీ వేడి చేయండి. ఉత్ప్రేరకం అసలు వేయని ప్రయోగంలో కంటే ఫర్‌ఫ్యూరాల్ వేగంగా పెరుగుతుంటే ఆమ్లం కరిగిపోతున్నట్లే.

లిగ్నిన్ (కట్టె నారలను అతికి ఉంచే పదార్థం) మీద కూడా ఆశ ఉంటే వరుస మార్చాలి. ఆమ్లంలో ఉడికిన లిగ్నిన్ తనలో తానే గట్టిగా అతుక్కుపోతుంది, ఆపై దాన్ని విడదీయడం చాలా కష్టం. పొట్టును ముందుగా మిథనాల్‌లో, హైడ్రోజన్ పీడనం కింద, కార్బన్ మీద ఉత్ప్రేరకంగా అమర్చిన నికెల్ లేదా రుథేనియంతో 200 నుంచి 250 డిగ్రీల మధ్య చర్య జరిపిస్తే, జామాయిల్ వంటి గట్టి కట్టెలోని లిగ్నిన్‌లో దాదాపు సగం వరకు చిన్న ఫినాల్ అణువులుగా వస్తుంది. హెమీసెల్యులోజ్‌లో చాలా భాగం, సెల్యులోజ్ మిగిలే ఘనంలో ఉంటాయి కాబట్టి ఫర్‌ఫ్యూరాల్ పని దానితో మొదలుపెట్టండి.