క్యాన్సర్ చికిత్సలో ఉన్న బిడ్డకు వేరే వంట అవసరం లేదు

మీ ఆరేళ్ళ పాపకు లుకేమియాకు, అంటే రక్తక్యాన్సర్‌కు, కీమోథెరపీ నడుస్తోందనీ, ప్రోటీన్ బాగా పెట్టమని డాక్టరు చెప్పారనీ, పాప మాత్రం పళ్ళెం చూస్తేనే ముఖం తిప్పుకుంటోందనీ, ఏ ప్రోటీన్ పౌడరు కొంటే మంచిదనీ మీరు అడిగారు. పౌడరు సంగతి చివర్లో చెబుతాను. నేను వైద్యుణ్ణి కాను, పోషకాహార నిపుణుణ్ణి అంతకన్నా కాను. మా అబ్బాయికి ఏడో ఏట ఇదే జబ్బు, అంటే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా వచ్చినప్పుడు, ఆసుపత్రిలో వాడి పక్కన మా ఆవిడ ఉండిపోతే, హైదరాబాదులో అద్దెకు తీసుకున్న ఒంటి గదిలో వంట బాధ్యత నా మీద పడింది. ఆ వంట నుంచి నాకు స్థిరపడిన అభిప్రాయం ఒక్కటే: జబ్బుపడిన బిడ్డకు విడిగా పథ్యం వండకండి, ఇంట్లో అందరూ తినే వంటనే ఆ బిడ్డ తినగలిగేటట్టు వండండి.

మాకు మొదట్లో ఇచ్చిన ఆహారపట్టికలో ఓట్స్, బ్రకోలీ, అవకాడో, గ్రీక్ యోగర్ట్ వంటివి ఇంగ్లీషులో అచ్చువేసి ఉన్నాయి. ఖమ్మం జిల్లా పల్లెటూరి నుంచి వచ్చిన మాకు వాటిలో సగం ఎక్కడ దొరుకుతాయో కూడా తెలియదు. పెసరట్టు, ముద్దపప్పు, పల్లీల పచ్చడి, గుడ్డు పొరటు అన్న మాటలు ఆ కాగితంలో ఎక్కడా లేవు. ఈ పట్టికలు తయారుచేసేవారు ఒక్కసారి మన వంటింట్లోకి తొంగిచూస్తే బాగుండునని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్న ఊళ్ళోనే ఈ పరిస్థితి మరీ విడ్డూరం. ఆ సంస్థ లెక్క ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న ఏడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలకు రోజుకు సుమారు 23 గ్రాముల ప్రోటీన్ సరిపోతుంది. ఒక కోడిగుడ్డులో ఆరు గ్రాములు, పెద్ద గ్లాసు పాలలో ఎనిమిది, గుప్పెడు కందిపప్పులో ఏడు గ్రాముల దాకా ఉంటాయి. చికిత్సలో ఉన్న బిడ్డకు ఇంతకన్నా ఎక్కువే కావాలి, ఎంత కావాలో బరువు చూసి డైటీషియన్ చెప్పాలి, కానీ ఆ ఎక్కువను కూడా కిరాణా కొట్టు సరుకుతోనే అందించవచ్చన్నది నా వాదన.

ప్రోటీన్ గురించి అంత పట్టుబట్టడానికి కారణం మొదటి నెలలోనే కళ్ళకు కడుతుంది. ఆ దశలో ఇచ్చే స్టెరాయిడ్ మందు కండను కరిగించి, కొవ్వును, నీటిని పేరుస్తుంది. చూడవచ్చిన బంధువులు ఉబ్బిన బుగ్గలు చూసి "పిల్లాడు ఒళ్ళు చేశాడు" అని సంతోషపడేవారు గానీ, లాగు కింద పుల్లల్లా మారిన తొడలను ఎవరూ చూడలేదు. ఆ నెలలో ఆకలి కూడా మామూలు ఆకలి కాదు. అర్ధరాత్రి దాటాక లేచి ఆవకాయ అన్నం కావాలని ఏడ్చేవాడు. స్టెరాయిడ్‌తో రక్తపోటు, రక్తంలో చక్కెర పెరగవచ్చని చెప్పడంతో ఆవకాయ, అప్పడాలు, చిప్స్ కట్టిపెట్టాం. బిస్కెట్లతో, ఉత్త అన్నంతో కడుపు నింపడం సులువే గానీ, వాటితో ఆ ఆకలి గంట కూడా ఆగేది కాదు. అందుకని ఏ వేళలో అడిగినా గుడ్డు పొరటు, దానిలోకి ఒక చిన్న పెసరట్టు అప్పటికప్పుడు వేసి ఇచ్చేవాణ్ణి. కొంచెం నిమ్మరసం పిండితే ఉప్పు తక్కువైన సంగతి వాడికి తెలిసేది కాదు.

తరువాతి దశలో ఇదంతా తలకిందులైంది. మెథోట్రెక్సేట్ అనే కీమో మందు ఎక్కించి ఇంటికి, అంటే ఆ ఒంటి గదికి, పంపిన కొద్ది రోజులకు నోరంతా పూసింది. పెదవుల లోపలి వైపు, నాలుక అంచుల మీద తెల్లటి పుండ్లు. మంచినీళ్ళు మింగడానికి కూడా కళ్ళు గట్టిగా మూసుకునేవాడు. మాట్లాడడం మానేసి సైగలు చేసేవాడు. మర్నాటికి కూడా ఏమీ తినకపోతే చేర్చుకుని ముక్కులోంచి గొట్టం వేస్తామని డాక్టరు చెప్పారు. గొట్టం అంటే భయపడనవసరం లేదని, తప్పనిసరైతే అది బిడ్డకు మేలే చేస్తుందని ఇప్పుడు నాకు తెలుసు, కానీ ఆ రోజు మా ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు. అదే రోజు మా అత్తగారు ఊరి నుంచి మా పెద్దమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చారు. చేపల పులుసు, గోంగూర పచ్చడి డబ్బాల్లో తెచ్చారు. మేమంతా వాటితో తినాలని, వాడికి మాత్రం రాగిజావ పట్టాలని ఏర్పాటు. వాడు ఆ డబ్బాల మూతలు తీయడం చూసి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆ పులుసు డబ్బా అట్లాగే మూతపెట్టించి, ఆ పూట అందరికీ ఒకటే వండుతానని చెప్పాను. ఒక గ్లాసు బియ్యం, ఒక గ్లాసు పెసరపప్పు కడిగి, కమ్మటి వాసన వచ్చేదాకా పప్పును కొద్దిగా వేయించి, పావుకిలో దాకా ఎముకలు లేని కోడిమాంసం చిన్న ముక్కలు, చిటికెడు పసుపు, కొద్దిగా జీలకర్ర పొడి వేసి, నీళ్ళు ధారాళంగా పోసి, ముక్క వేలితో నలిపితే విడిపోయేదాకా కుక్కర్లో ఉడికించాను. ఎండుమిర్చి, మిరియాలు, చింతపండు, టమాటా ఏవీ తగలనివ్వలేదు, ఎందుకంటే పుండు మీద కారం, పులుపు రెండూ నిప్పే. అందులోంచి కొంత తీసి, మరిగించిన నీళ్ళు కలిపి మిక్సీలో వెన్నలా రుబ్బి, జల్లెడలో వడగట్టి, నెయ్యి వేసి, చేతికి చల్లగా తగిలేదాకా ఆరనిచ్చాను. వేడి వేడిగా పెట్టాలని పెద్దవాళ్ళు తొందరపెడతారు గానీ, పూసిన నోటికి చల్లారిన తిండే హాయి. స్టీలు చెంచా నోట్లో ఇనుము రుచిగా ఉందని అంతకుముందే చెప్పి ఉన్నాడు కాబట్టి ప్లాస్టిక్ చెంచా పెట్టాను. నొప్పి తగ్గేందుకు డాక్టరు రాసిన మందుతో నోరు పుక్కిలింపించి కూర్చోబెట్టాను.

పక్కనే అక్క కూడా అదే కిచిడీ, రుబ్బనిది, పళ్ళెంలో పెట్టుకుని కూర్చుంది. వాడు పొద్దుటి నుంచి మొదటిసారి నోరు విప్పి, నాలుక కదలకుండా, "నీక్కూడా ఇదేనా?" అని అడిగాడు. "ఇదే. ఉప్పూ లేదు, కారమూ లేదు, ఏం బాగాలేదు" అన్నది ఆ మహాతల్లి. "మరెందుకు తింటున్నావు?" "నాన్న ఇంకేం వండలేదు మరి!" వాడికి నవ్వొచ్చింది, నవ్వితే పెదవి పగిలి ఏడుపొచ్చింది, ఆ ఏడుపులోనే చెంచా నోట్లోకి వెళ్ళింది. దవడ పక్కకు పోనిచ్చి, తల కొంచెం వాల్చి, పుండ్లు లేని వైపు నుంచి మింగడం తనంతట తానే కనిపెట్టాడు. చిన్న గ్లాసులో సగం తాగాడు. గంటాగి మిగతా సగం తాగాడు. మర్నాడు గొట్టం అవసరం పడలేదు. వంట గొప్పదని చెప్పడం లేదు, మా అమ్మాయి తీర్పు మీరు విన్నారు కదా. తాను ఒక్కడే రోగిననే భావం ఆ పూట వాడికి కలగలేదు, అదే వాడి చేత తినిపించిందని నా గట్టి నమ్మకం. పెద్దవాళ్ళం మాత్రం వరండాలోకి వెళ్ళి మా వాటాలో మిరియాల పోపు వేసుకున్నాం. ఆ ఘాటు గదిలోకి పోతే వాడికి డోకు వచ్చేది, అందుకని ఆ తరువాత కూడా పోపులన్నీ వరండాలోనే పెట్టేవాళ్ళం.

కీమో వల్ల రక్తకణాలు పడిపోయి ఇన్‌ఫెక్షన్లు సులువుగా సోకే రోజుల్లో ఏం పెట్టాలన్నదాని కన్నా ఎట్లా వండాలన్నది ముఖ్యం. పచ్చివేవీ వద్దు: ఉల్లి ముక్కలు, కీరా, మొలకలు, చట్నీ మీద చల్లే పచ్చి కొత్తిమీర కూడా మానేశాం. గుడ్డు పచ్చసొన గట్టిపడేదాకా ఉడకాలి, హాఫ్ బాయిల్ పనికిరాదు. పండ్లలో అరటి, బత్తాయి, కమలా లాంటి మందపు తొక్కవి ఇచ్చేవాళ్ళం. వండినది వెంటనే తినేయాలి, పొద్దుటి పప్పు రాత్రికి వాడకూడదు, బయటి తిండి అసలు కూడదు. పెరుగు విషయంలో ఆసుపత్రికొక మాట చెబుతారు, మీ డాక్టరునే అడగండి. కాచిన పాలతో ఇంట్లో తోడుపెట్టిన తాజా పెరుగుకు మా వాళ్ళు ఒప్పుకున్నారు. ఆస్పరాజినేజ్ అనే మరో కీమో మందు సూదులు నడిచినన్నాళ్ళు క్లోమానికి వాపు రావచ్చని నూనె, నెయ్యి బాగా తగ్గించమన్నారు. విన్‌క్రిస్టిన్ అనే ఇంకో కీమో మందు వల్ల మలబద్ధకం వస్తుంది గనుక తోటకూర పప్పు, పాలకూర పప్పు తరచుగా చేసేవాణ్ణి. ఒకే కూరలో ప్రోటీనూ ఆకూ రెండూ పోతాయి కదా.

ఇక బంధువుల గురించి చెప్పకపోతే ఈ సమాధానం పూర్తి కాదు. గుడ్డు వేడి చేస్తుందని ఒకరు, మాంసం తింటే గడ్డలు పెరుగుతాయని ఇంకొకరు, కందిపప్పు వాతమని మా పెద్దమ్మ, పంచదార మానేస్తే క్యాన్సర్ ఆకలితో చస్తుందని వాట్సాప్‌లో వీడియో పంపిన మా బాబాయి. వీళ్ళందరి మాటా వింటే బిడ్డకు మిగిలేది చారన్నమే. ప్లేట్‌లెట్ల కోసం పచ్చి బొప్పాయి ఆకు రసం సీసాలో పట్టుకొచ్చినవారు కూడా ఉన్నారు. రక్తకణాలు పడిపోయిన బిడ్డకు పచ్చి ఆకు పసరు పట్టడం ఎంత ప్రమాదమో చెబితే కోపగించుకున్నారు. బలానికని తెచ్చే విటమిన్ టానిక్కులు కూడా డాక్టరుకు చూపించకుండా పట్టకండి. వాటిలో చాలావాటిలో ఫోలిక్ ఆమ్లం, అంటే ఫోలేటు అనే విటమిను, ఉంటుంది, మెథోట్రెక్సేట్ పనిచేసేదే ఆ ఫోలేటును అడ్డుకుని. ప్రేమతోనే తెస్తారు, కాదనను, కానీ అంత ప్రేమ ఉన్నవారు డజను గుడ్లు తెచ్చి ఇస్తే ఎంత ఉపకారం!

నోరు బాగున్న రోజుల్లో మా ఇంటి తిండి ఇట్లా ఉండేది. పొద్దున్నే పెసరట్టు, దాని మీదే గుడ్డు కొట్టి రెండువైపులా కాల్చేవాణ్ణి. మధ్యాహ్నం ముద్దపప్పు లేదా టమాటా పప్పు, పుట్నాల పొడిలో నెయ్యి. పల్లీలు, నువ్వులు వేయించి దంచిన పొడి కూరల్లో చల్లితే వాడికి తెలియకుండానే కొంత పోయేది. పల్లీలు బూజు వాసన లేనివి, ముడతలు పడనివి ఏరుకోవాలి. మీల్‌మేకర్ నానబెట్టి పిండి, కీమాలాగా రుబ్బి వంకాయ కూరలో కలిపితే మా అత్తగారే గుర్తుపట్టలేదు. వారానికోసారి దొరికితే కొర్రమీను పులుసు, కారం సగం వేసి, ముళ్ళు నేనే తీసి పెట్టేవాణ్ణి. చిన్న చిన్న మోతాదుల్లో, రోజంతా. పళ్ళెం నిండా పెట్టి ఎదురుగా కూర్చుంటే పెద్దవాళ్ళకే ఆకలి చస్తుంది.

పౌడరు అడిగారు. డైటీషియన్ పాప బరువు చూసి, కాలేయం, మూత్రపిండాల రిపోర్టులు చూసి పేరు రాసిస్తే తప్పకుండా కొనండి, బరువు బాగా పడిపోయిన పిల్లలకు అవి అవసరమే. ఎవరూ రాయకుండా మందుల షాపులో ప్రకటన చూసి వేల రూపాయల డబ్బా కొనకండి. ఆలోపు మామూలు పాలపొడి ప్యాకెట్టు ఒకటి తెచ్చుకుని, గ్లాసు కాచిన పాలలో రెండు చెంచాలు కలిపి ఇవ్వండి. పాలు పడని బిడ్డయితే అదే పొడిని అట్టు పిండిలో కలపకూడదు సుమా, వాళ్ళకు పెసరపప్పు కట్టు, గుడ్డు తెల్లసొన చూడండి. పాపకు ఇప్పుడు ఏ దశ నడుస్తోందో, నోట్లో పుండ్లు ఉన్నాయో లేవో కింద రాస్తే, దానికి తగినట్టు వండే తీరు నాకు తెలిసినంతలో చెబుతాను.