తేలు రాకుండా తెలుగు

ప్రశ్న: మాస్టారూ, నాకు పుట్టుకతోనే చూపు లేదు. ఒడియా మీడియంలో, బ్రెయిలీలో చదువుకున్నాను. ఇంట్లో మాత్రం తెలుగే. మా అమ్మ పుట్టిల్లు పాతపట్నం, ఆమెకు ఒడియా చదవడం రాదు. పర్లాకిమిడి రైల్లో కూర్చుని అమ్మకు మెసేజ్ పెట్టాలంటే ఫోనుకు నోటితో చెప్పాలి. బోగీ అంతా వింటుంది. టచ్ ఫోన్లో బ్రెయిలీ కొట్టవచ్చంటున్నారు, నిజమేనా? తెలుగు బ్రెయిలీ మళ్లీ మొదటి నుంచీ నేర్చుకోవాలా?
– ఒక పాఠకురాలు, గుణుపురం

జవాబు: అక్కర్లేదమ్మా, ముప్పాతిక వంతు మీకు వచ్చేసినట్టే. 1951 నాటి భారతి బ్రెయిలీలో మన భాషలకు చుక్కలు ఉమ్మడి. బ్రెయిలీ గడిలోని ఆరు చుక్కల్లో ఒడియా 'క'కు 1, 3 చుక్కలు, తెలుగు 'క'కూ అవే. లిపులు వేరని కళ్లున్నవాళ్లు పడే బాధ మనకు లేదు.

మీరు జాగ్రత్తపడాల్సింది ఎ, ఒ దగ్గర. ఒడియాలో వీటికి పొట్టి, పొడుగు తేడా లేదు. 1, 5 చుక్కలు తెలుగులో 'ఏ' అవుతాయి. పొట్టి 'ఎ'కు 2, 6 కొట్టాలి. అలాగే 'ఓ' 1, 3, 5 అయితే, 'ఒ' 1, 3, 4, 6. పాత అలవాటులో 'తెలుగు' అని కొడితే 'తేలుగు' అవుతుంది, మీ అమ్మగారికి ముందు తేలు కనిపిస్తుంది!

టచ్ తెర మీద బ్రెయిలీ కొట్టే సదుపాయం నిజమే, ఐఫోన్లో 2014లోనే వచ్చింది. ఆండ్రాయిడ్ ఫోన్లలో తెర మీదిది చదివి వినిపించే టాక్‌బ్యాక్‌లోకి 2020లో వచ్చింది. టాక్‌బ్యాక్ సెట్టింగుల్లో బ్రెయిలీ కీబోర్డు ఆన్ చేసి, భాషల జాబితాలో తెలుగు ఉందేమో చూడండి. ఫోన్ను అడ్డంగా, తెర అవతలి వైపుకు తిప్పి రెండు చేతులా పట్టుకోవాలి. ఎడమచేతి మూడు వేళ్లు 1, 2, 3 చుక్కలు, కుడిచేతివి 4, 5, 6. కాగితం బిగించి చుక్కలు పొడిచే బ్రెయిలీ స్లేటు మీద కుడి నుంచి ఎడమకు తిరగేసి పొడిచిన చేతికి ఇక్కడ కాస్త తికమక. ఇందులో తిరగేయడం ఉండదు. అక్షరానికి కావలసిన వేళ్లన్నీ ఒకేసారి ఆనించి ఎత్తాలి. ఒక వేలు కుడికి జరిపితే ఖాళీ, ఎడమకు జరిపితే చెరిపివేత.

నాకు చూపు పోయింది నలభై దాటాక. కళ్లలో ఇంకా అచ్చు అక్షరాలే ఉండేవి. 'అమ్మ' కొట్టబోయి, పొల్లు చుక్క 4ను మొదటి 'మ' తర్వాత పెట్టాను. బ్రెయిలీలో అది 'మ'కు ముందు రావాలి కదా! ఫోను 'అమమ్' అని చదివింది. మా ఆవిడ వారం రోజులు నన్ను అలాగే పిలిచింది. మీకు ఆ గొడవ లేదు, ఒడియాలోనూ పొల్లు ముందే. వేళ్లు జారి ఫోను రెండుసార్లు కిందపడింది కూడా. మొదట్లో మంచం మీద కూర్చుని సాధన చేయండి.

రైల్లో మాత్రం ఇయర్‌ఫోన్ మరవకండి. కొట్టిందల్లా ఫోను పైకి చదువుతుంది, బోగీ వాళ్లకు మళ్లీ పని దొరుకుతుంది.