డెడ్‌లిఫ్ట్ పెరగకపోవడం వేరు, పడిపోవడం వేరు

ప్రశ్న: నా వయసు 27, బరువు 74 కిలోలు. విజయవాడ పటమటలో ఉంటాను. ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల షాపులో అకౌంట్స్ చూస్తాను. మూడేళ్లుగా జిమ్‌కి వెళ్తున్నాను. సంక్రాంతికి నా లెక్కలు ఇవి: ఓవర్‌హెడ్ ప్రెస్ (నిలబడి తల మీదికి ఎత్తడం) 50, బెంచ్ ప్రెస్ (బల్ల మీద పడుకుని ఎత్తడం) 85, స్క్వాట్ (బరువు భుజాల మీద పెట్టుకుని గుంజీ తీయడం) 115, డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువు లేపడం) 145 కిలోలు. ఈ నాలుగింటిలో 60, 100, 140, 180 కొట్టాలన్నది నా టార్గెట్. ఇప్పుడు బెంచ్ 90కి వచ్చింది గానీ స్క్వాట్ 95కి, డెడ్‌లిఫ్ట్ 110కి పడిపోయాయి. నడుం నుంచి ఎడమ పిక్క దాకా లాగుతోంది. జిమ్‌కి వెళ్లే ముందు నొప్పి మాత్ర ఒకటి వేసుకుంటే గంటన్నర బాగానే ఉంటుంది. ఆరు వారాలుగా అలాగే నడుస్తోంది. జిమ్‌లో ఒకన్న రెండుసార్లు ఇంజెక్షన్ కూడా వేశాడు. మొన్న వేడి చేసి మూత్రం ఎర్రగా వస్తే సబ్జా నీళ్లు, మజ్జిగ తాగాను, తగ్గింది. ఎడమ కాలి చెప్పు మెట్ల మీద జారిపోతోంది, అరిగిపోయినట్టుంది, మార్చాలి. ఇంతకీ నా ప్రశ్న: నాలుగు లిఫ్టుల్లో ఏది ఎంత ఉండాలి? డెడ్‌లిఫ్ట్ మళ్లీ పెరగాలంటే ఏ ప్రోగ్రామ్ మంచిది?
– ఒక పాఠకుడు, విజయవాడ

సలహా: చెప్పులు మార్చే ముందు కాలు చూపించుకోండి.

ఓపీ మధ్యలో మీ ఉత్తరం చదివాను. బరువుల లెక్కలు గబగబా చూసుకుంటూ వచ్చి చెప్పు జారుతోందన్న దగ్గర ఆగిపోయాను. హవాయి చెప్పు కాలికి నిలవాలంటే వేళ్లు దాన్ని పట్టుకోవాలి. చెప్పు కదిలిన సంగతి అరికాలికి తెలియాలి. ఈ రెండూ మన ప్రమేయం లేకుండా నరం చూసుకునే పనులు. చెప్పులు అరిగితే రెండూ అరుగుతాయి. ఒక్క ఎడమదే జారుతోంది, అదే వైపు నడుం నుంచి పిక్క దాకా లాగుతోంది అంటే నా అనుమానం నడుం దగ్గర నరం మీదకే పోతుంది. పరీక్ష చేయకుండా ఖాయంగా చెప్పలేను. చెప్పకూడదు కూడా.

ఇప్పుడు మీ అంకెలే మళ్లీ చూడండి. బెంచ్ పెరిగింది. అంటే తిండి, నిద్ర, సాధన సరిగానే ఉన్నాయి. కాళ్లూ నడుమూ కలిసి మోసే రెండు లిఫ్టులు మాత్రమే పడిపోయాయి, అవీ కొద్దో గొప్పో కాదు, డెడ్‌లిఫ్ట్ ఏకంగా 35 కిలోలు. ఒక లిఫ్ట్ కొన్నాళ్లు పెరగకపోతే అది ప్రోగ్రామ్ సమస్య కావచ్చు, కోచ్‌ని అడగండి. ఒంటి పైభాగంతో చేసేవి పెరుగుతూ కాళ్లూ నడుముతో చేసేవి పడిపోతుంటే అది డాక్టర్‌ని అడగాల్సిన విషయం. మీరు వీక్ పాయింట్ అనుకుంటున్నది నరం బలహీనత అయి ఉండొచ్చు. నరం నలిగి బలం తగ్గిన కండరానికి ఇంకో రెండు సెట్లు పెంచితే బలం రాదు.

నడుంలో ఎక్కువగా జారి నరాన్ని నొక్కేవి, పూసల మధ్య మెత్తలా ఉండే డిస్కుల్లో చివరి రెండు. నాలుగో పూసకూ ఐదో పూసకూ మధ్య ఉండేది ఒకటి, ఐదో పూసకూ త్రికాస్థికీ మధ్య ఉండేది రెండోది. తొడ వెనక నుంచి పిక్కలోకి దిగే నొప్పి సాధారణంగా ఇక్కడిదే. ఇంట్లోనే ఒకటి చేసి చూడండి. గోడకు చెయ్యి ఆనించి ఒంటికాలి మీద నిలబడి మడమ పూర్తిగా పైకెత్తి దించండి. కుడికాలితో పదిసార్లు, ఎడమకాలితో పదిసార్లు. తర్వాత వేళ్లు పైకి లేపి మడమల మీద నాలుగడుగులు వేయండి. ఎడమవైపు మడమ నాలుగైదుసార్లకే లేవనంటున్నా, నడుస్తుంటే ఎడమ పాదం ముందుభాగం కిందికి వాలిపోతున్నా వారం ఆగొద్దు, ఒకటి రెండు రోజుల్లో ఆర్థోపెడిక్ డాక్టర్‌నో న్యూరో సర్జన్‌నో కలవండి. అప్పుడు ఎంఆర్ఐ అవసరం పడొచ్చు. రెండువైపులా సమానంగా చేయగలిగినా చూపించుకోవడం మానొద్దు, ఎందుకంటే స్పర్శ తగ్గడం, మోకాలి దగ్గరా మడమ దగ్గరా సుత్తితో తట్టి చూసే రిఫ్లెక్సులు మీకు మీరు చూసుకోలేరు.

మూత్రం బిగుసుకుపోవడం, తెలియకుండానే మూత్రం పోవడం, కూర్చునే చోట, జననాంగాల చుట్టూ మొద్దుబారడం, రెండు కాళ్లూ బలం తప్పడం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి వెళ్లాలి. తెల్లారనిద్దాం అనుకోవద్దు. గంటలు గడిచే కొద్దీ ఆ నరాలు కోలుకునే అవకాశం తగ్గిపోతుంది.

భయపెట్టాలని ఇదంతా రాయడం లేదు. డిస్క్ జారిన వాళ్లలో ఎక్కువమందికి ఆపరేషన్ అవసరం రాదు. ఆరు నుంచి పన్నెండు వారాల్లో చాలావరకు సర్దుకుంటుంది. కాకపోతే ఆ వారాల్లో దాని మీద బరువు వేయకూడదు. మీరు ఆరు వారాలుగా సరిగ్గా అదే చేస్తున్నారు, అది కూడా నొప్పి తెలియకుండా చేసుకుని మరీ.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఈ మాత్రే. నా దగ్గరకు వచ్చే జిమ్ కుర్రాళ్లలో సగానికి సగం మంది జేబులో ఏదో ఒక స్ట్రిప్పు ఉంటోంది. ప్రొటీన్ డబ్బా గురించి గంటసేపు చదివి కొంటారు. మాత్ర మాత్రం మెడికల్ షాపులో "నడుం నొప్పికి ఏదైనా ఇవ్వండి" అని అడిగి, ఇచ్చింది మింగేస్తారు. మీరు పేరు రాయలేదు. బహుశా డైక్లోఫెనాక్, లేదంటే ఏసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్ర అయి ఉంటుంది. స్ట్రిప్పు తిప్పి చూడండి, ఎర్ర గీత ఉంటే అది డాక్టర్ చీటీ మీదే అమ్మాల్సిన మందు. పారాసిటమాల్ కలిసిన మాత్ర వేసుకుంటూ ఒళ్లు వెచ్చగా ఉందని మళ్లీ విడిగా పారాసిటమాల్ వేసుకునేవాళ్లూ ఉన్నారు. అది లివర్ మీద పడుతుంది.

కిడ్నీ సంగతి కొంచెం వివరంగా చెబుతాను, తెలిస్తే మీరే ఆపేస్తారు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి వెళ్లే రక్తం తగ్గుతుంది. అప్పుడు కిడ్నీ తనలోకి రక్తం తెచ్చే సన్న నాళాలను తెరిచి ఉంచుకోవడానికి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారుచేసుకుంటుంది. నొప్పినీ వాపునూ పెంచేవీ అవే. ఈ రకం నొప్పి మాత్ర వాటి తయారీనే ఆపుతుంది. నడుం నొప్పి తగ్గుతుంది, ఆ సమయానికే కిడ్నీకి ఉన్న రక్షణ పోతుంది. నీడపట్టున కూర్చున్న ఆరోగ్యవంతుడు రెండు రోజులు వేసుకుంటే సాధారణంగా ఏమీ కాదు. మన బెజవాడ ఎండల్లో ఆటోనగర్ రేకుల కింద రోజంతా గడిపి, సాయంత్రం గాలాడని జిమ్‌లో బనియన్ పిండేంత చెమటలు కక్కుతూ, మాత్ర వేసుకుని స్క్వాట్లు కొట్టేవాడి సంగతి వేరు. బీపీ కూడా చూపించుకోండి. ఈ మాత్రలు దాన్నీ పెంచుతాయి. బాగా బరువు లేపే క్షణాల్లో బీపీ 300 దాటడం ప్రయోగాల్లో కొలిచి చూసిన విషయమే.

ఇక "వేడి చేసి మూత్రం ఎర్రగా" అన్నారు. ఈ మాట వినగానే నాకు ఒక కుర్రాడు గుర్తొస్తాడు. మే నెల. తొడలు పట్టేసి నడవలేకపోతున్నాడని తల్లి తీసుకొచ్చింది. చేతి సంచిలోంచి లీటరు నీళ్ల సీసా తీసి బల్ల మీద పెట్టింది. అందులో కొడుకు మూత్రం, కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూస్తే సీసాకి అవతల పెట్టిన నా వేళ్లు కనపడలేదు. కామెర్లేమోనని పసరు పోయించడానికి బయల్దేరి, కాళ్లు కదలనివ్వకపోతే మా దగ్గర ఆగారట. కొన్నాళ్లు మానేసి మళ్లీ జిమ్‌కి వెళ్లిన మొదటి రోజే పందెం కట్టి స్క్వాట్లు కొట్టాడు. ఒళ్లు నొప్పులకు మూడు రోజులు నొప్పి మాత్రలు మింగాడు. కండరం చితికి అందులోని పదార్థం రక్తంలోకి, అక్కడి నుంచి కిడ్నీలోకి చేరింది. కండరం ఎంత చితికిందో చెప్పే సీపీకే పరీక్ష వేలల్లో వచ్చింది, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగిపోయింది, నాలుగుసార్లు డయాలసిస్ చేయాల్సి వచ్చింది. అబ్బాయి కోలుకున్నాడు. పసరు పోయించి ఇంటికి తీసుకెళ్లి ఉంటే ఏమయ్యేదో ఆ తల్లికి ఇప్పటికీ చెప్పలేదు.

మీది అదే అనడం లేదు. నీళ్లు తక్కువై చిక్కబడిన మూత్రం ముదురు పసుపులో ఉంటుంది. కండరం చితికితే వచ్చేది గోధుమ రంగు, డికాక్షన్ రంగు. మనవాళ్లు రెండింటినీ "ఎర్రగా" అనే అంటారు. మజ్జిగ మంచిదే, రోజూ తాగండి, కానీ రంగు మామూలైనంత మాత్రాన కిడ్నీ బాగున్నట్టు కాదు. క్రియాటినిన్, పొటాషియం, సీపీకే, మూత్ర పరీక్ష చేయించండి. ఖర్చు ఎక్కువ కాదు. కండ ఎక్కువున్నవాళ్లకీ, జిమ్‌లో బలం కోసం క్రియాటిన్ పౌడర్ తాగేవాళ్లకీ క్రియాటినిన్ కాస్త ఎక్కువ చూపించొచ్చు. పౌడర్ వాడుతుంటే ఆ మాట డాక్టర్‌తో చెప్పండి. మళ్లీ ముదురు రంగు కనిపించినా, మూత్రం తగ్గినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

ఇంజెక్షన్ గురించి ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. అందులో ఏముంది? నొప్పిదా, స్టెరాయిడా, కండ పెంచేదా? సూది కొత్తదేనా? ఒకే మందు సీసాలోంచి నలుగురికీ తీశాడా? పిర్రలో తప్పు చోట గుచ్చితే అక్కడి నుంచి కాల్లోకి దిగే సయాటిక్ నరానికే దెబ్బ తగలొచ్చు, మీ కాలి లాగుడు ఇంజెక్షన్‌కు ముందు నుంచీ ఉందా తర్వాత వచ్చిందా అన్నది కూడా డాక్టర్‌కి కావాలి. సూది మీద నమ్మకం లేకపోతే హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు అడిగి చేయించుకోండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆ అన్న మీ మేలు కోరేవాడే కావచ్చు. సూది వేయడం ఆయన పని కాదు.

ఇప్పుడు మీరు అడిగిన లెక్క. 60, 100, 140, 180 అనేవి ప్లేట్ల లెక్కలోంచి పుట్టిన అంకెలు. 20 కిలోల రాడ్డుకు అటూ ఇటూ 20 కిలోల ప్లేటు ఒకటి చొప్పున తగిలిస్తే 60, రెండైతే 100, మూడైతే 140, నాలుగైతే 180. మీ ఎముకల పొడవు, మీ బరువు వాటికి తెలియవు. మీ జిమ్ రాడ్డు నిజంగా 20 కిలోలేనా అన్నది కూడా తూచి చూడండి, చాలాచోట్ల అంతకంటే తేలికైనవి వాడతారు.

పోల్చుకోవాలంటే ఒంటి బరువుతో పోల్చుకోండి. 95 కిలోల మనిషి 180 లేపితే తన బరువుకు 1.9 రెట్లు. సంక్రాంతికి మీరు లేపిన 145 అంతకంటే ఒక పిసరు ఎక్కువే. మన పక్కనున్న స్టువర్టుపురం బిడ్డ రాగాల వెంకట రాహుల్ 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల వెయిట్‌లిఫ్టింగ్‌లో స్నాచ్ (ఒక్క ఊపులో తల మీదికి ఎత్తడం) 151, క్లీన్ అండ్ జెర్క్ (భుజాల దాకా లేపి, ఆపై తల మీదికి ఎత్తడం) 187, మొత్తం 338 కిలోలతో బంగారు పతకం తెచ్చాడు. అదీ 85 కిలోల విభాగంలో, తన బరువు వాళ్లతో పోటీపడి. ముందు మనిషిని తూచి, ఆ తర్వాతే ఇనుము తూచే ఆట అది.

నాలుగు లిఫ్టుల మధ్య నిష్పత్తికి జిమ్‌లలో వాడే మోటు లెక్క ఒకటుంది: ప్రెస్, బెంచ్, స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ వరసగా 2, 3, 4, 5. బెంచ్ 85 అయితే స్క్వాట్ 113, డెడ్‌లిఫ్ట్ 142 దగ్గర ఉండాలి. మీవి 115, 145. అంటే సంక్రాంతికి మీ ఒళ్లు చక్కగా తూగింది, ప్రెస్ ఒక్కటే ఆరేడు కిలోలు తక్కువ, దానికి కంగారు అక్కర్లేదు. చేతులు పొడుగున్నవాళ్లకు డెడ్‌లిఫ్ట్ కలిసొస్తుంది, బెంచ్ కష్టమవుతుంది. తొడ ఎముక పొడుగైతే స్క్వాట్‌లో ముందుకు వంగాల్సి వస్తుంది. ఇవన్నీ పుట్టుకతో వచ్చినవి. గరిష్ఠ బరువు కూడా ప్రతి నెలా లేపి చూడక్కర్లేదు. వరసగా ఐదుసార్లు (ఐదు రెప్స్) లేపిన బరువును 30తో భాగించి, 5తో గుణించి, ఆ బరువుకే కలపండి. 90 కిలోలకు ఐదు చేస్తే 105 వస్తుంది. అది అంచనానే, కానీ నడుం పణంగా పెట్టకుండా తెలుస్తుంది.

ప్రోగ్రామ్ మాత్రం ఇప్పుడు చెప్పను. పరీక్షలు అయ్యేదాకా డెడ్‌లిఫ్ట్, స్క్వాట్, ప్రెస్ వద్దు. బెంచ్ కూడా ఆపండి, బరువులు కొట్టిన మర్నాడు సీపీకే ఎలాగూ ఎక్కువే చూపిస్తుంది, రిపోర్టు దేనికీ పనికిరాదు. నొప్పి లేనంత దూరం నడవండి. బెల్టు పెట్టుకుని చేస్తానంటారేమో, బెల్టు డిస్క్‌ని లోపలికి నెట్టదు. డాక్టర్ సరేనన్నాక ఖాళీ రాడ్డుతో మొదలుపెట్టండి. అప్పుడు మాత్ర లేకుండా ఎంత లేపగలరో అదే మీ అసలు అంకె.

మందు ఆపిన రెండు మూడు రోజుల్లో నొప్పి ఎక్కువ కావచ్చు. మళ్లీ అదే స్ట్రిప్పు తెరవకండి, కిడ్నీ రిపోర్టు చూశాక ఏ మందు, ఎంత, ఎన్నాళ్లు అన్నది మిమ్మల్ని చూసిన డాక్టర్ నిర్ణయిస్తారు. నా సమాధానం ఆ పరీక్షకు బదులు కాదు. వెళ్లేటప్పుడు ఖాళీ స్ట్రిప్పులు, ఇంజెక్షన్ పేరు రాసుకున్న చీటీ, పౌడర్ డబ్బా ఫొటో వెంట తీసుకెళ్లండి. ఆ ఎడమకాలి చెప్పు కూడా వేసుకునే వెళ్లండి, మీరు నడుస్తుంటే డాక్టర్ చూడాలి.