రిక్షానా, బ్యాటరీ బండా?

ప్రశ్న: మాది విశాఖ కంచరపాలెం. నాన్నకి 47 ఏళ్లు. అద్దె రిక్షా మీద హార్బర్ నుంచి చేపలు, ఐసు పూర్ణా మార్కెట్‌కి, వన్‌టౌన్ షాపులకి వేస్తారు. నెలకి 25 రోజులు పని ఉంటుంది. వేట మళ్లీ మొదలయ్యాక రోజుకి 800 వస్తోంది. వేట నిషేధంలో మాత్రం 350 కూడా రాలేదు. అందుకే మేలో డైలీ ఫైనాన్స్ తీసుకున్నారు. 10,000 అని రాసుకుని 8,500 చేతికిచ్చారు. రోజుకి 100 కడుతున్నాం, ఇంకా 40 రోజులుంది. బండి అద్దె రోజుకి 60. ఆయనకి మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. నేను షాపులో పనిచేసి 35,000 దాచాను. అది ముందు కట్టి 1,60,000 పెట్టి బ్యాటరీ బండి తీసుకోమంటున్నారు, మిగతాది నెలకి 4,800 చొప్పున మూడేళ్లు. కొత్త తొక్కుడు రిక్షా అయితే 22,000. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ఆ 4,800 వాయిదాని మే నెలలో పెట్టి చూడండి. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరబోట్లు వేటకి వెళ్లవు. బోటు మీద వెళ్లేవాళ్లకి ప్రభుత్వం 20,000 భృతి ఇస్తుంది. ఆ బోట్ల మీద ఆధారపడి లోడు లాగే మీ నాన్నగారికి అది రాదు. రోజుకి 350 కూడా రాని రెండు నెలల్లో ఆ వాయిదా ఎక్కడి నుంచి తెస్తారు? మళ్లీ డైలీ ఫైనాన్స్ దగ్గరికే వెళ్లాలి. పైగా మొత్తం కలిపితే ఆ బండికి మీరు కట్టేది 2,07,800. లెడ్ యాసిడ్ బ్యాటరీలైతే ఏడాది, ఏడాదిన్నరకే మార్చాల్సి రావచ్చు. రిజిస్ట్రేషన్, బీమా, ఆయనకి డ్రైవింగ్ లైసెన్సు కూడా కావాలి.

మోకాళ్ల సంగతి నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. ఈ పనిలో ఇంజను ఆయన ఒళ్లే. ముందు డాక్టరుకి చూపించండి. తొక్కొద్దని చెబితే నా లెక్కలన్నీ పక్కన పెట్టేయండి. బ్యాటరీ బండి రోజు అద్దెకి దొరుకుతుందేమో చూడండి, కొనొద్దు. తొక్కొచ్చు అంటే జగదాంబ దాటి ఎత్తు రోడ్ల బేరాలు మానేసి, మార్కెట్ చుట్టుపక్కల చదును దారిలోనే వెయ్యమనండి.

ఇక అప్పు. 8,500 తీసుకుని వంద రోజుల్లో 10,000 కట్టడమంటే దాదాపు పది రూపాయల వడ్డీ. ఏడాదికి లెక్కేస్తే నూటికి 120. అలాగని మీ డబ్బుతో ఇప్పుడే తీర్చేయకండి. వడ్డీ ముందే కోసేసుకున్నారు కాబట్టి, వాళ్లేమైనా తగ్గిస్తే తప్ప ముందుగా కట్టినా మీకు ఒక్క రూపాయి మిగలదు. ఆ 40 రోజులు మామూలుగానే కట్టేయండి. మళ్లీ మాత్రం తీసుకోవద్దు. అసలు జాగ్రత్త అక్కడే.

మీ 35,000లో 22,000 పెట్టి రిక్షా కొనేయండి. నెలకి 1,500 అద్దె మిగులుతుంది, బండి ఖరీదు 15 నెలల్లో తిరిగొస్తుంది. కింద చెప్పే బీమాలకి, బండి తాళానికి పోగా మిగిలిన 12,000 బ్యాంకులో ఉంచండి, ముట్టుకోవద్దు. అద్దె 60 రేపటి నుంచే, అప్పు తీరాక ఆ 100 కూడా, కట్టినట్టే ఏ రోజుకారోజు పక్కన పెట్టించండి. అందులోంచి టైర్లకి, చైనుకి రోజుకి 20 తీసేసినా వచ్చే ఏప్రిల్‌కి 27,000 దాటుతుంది. మీ 12,000తో కలిపి 39,000. నిషేధంలో తగ్గే రాబడి సుమారు 22,500. అంటే ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా ఆ రెండు నెలలూ గడిచి, జూన్‌లో చేతిలో 16,000 ఉంటుంది. బ్యాటరీ బండి మాట అప్పుడు ఎత్తుదాం. 50,000 దాకా తాకట్టు లేకుండా ఇచ్చే ముద్ర శిశు రుణం కోసం బ్యాంకులో అడగొచ్చు. స్వనిధి రుణం ఇప్పిస్తామని ఎవరైనా వస్తే నమ్మకండి, అది వీధుల్లో అమ్ముకునేవాళ్లకి.

అటల్ పెన్షన్‌లో, శ్రమయోగి మాన్‌ధన్ పెన్షన్‌లో 40 దాటినవాళ్లని చేర్చుకోరు. మీ నాన్నగారికి ఆ దారి మూసుకుపోయింది. అసంఘటిత కార్మికులకిచ్చే ఈ-శ్రమ్ కార్డుకి 59 ఏళ్ల దాకా సమయం ఉంది, తీసుకోండి. ప్రభుత్వ బీమాలు రెండున్నాయి, అవి మాత్రం వెంటనే కావాలి. సురక్ష బీమాకి ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు వస్తాయి. జీవన జ్యోతికి ఏడాదికి 436, ఏ కారణంతో పోయినా 2 లక్షలు, కాకపోతే చేరిన మొదటి 30 రోజుల్లో ప్రమాదమైతేనే. లోడు బండితో లారీల మధ్య తిరిగే మనిషికి ఇవి లేకుండా ఒక్క రోజు కూడా గడపనివ్వకండి. ప్రీమియం ఏటా మే నెలాఖరులోగా ఖాతాలోంచి దానంతటదే కట్ అవుతుంది. సరిగ్గా వేట లేని రోజులవి, ఖాతా ఖాళీగా ఉంటే బీమా ఆగిపోతుంది. ఏప్రిల్‌లోనే 456 వేసి ఉంచండి. ఆధార్, పాసుపుస్తకం పట్టుకుని ఈ వారమే బ్యాంకుకి తీసుకెళ్లండి. 50 దాటితే జీవన జ్యోతిలో కొత్తగా చేర్చుకోరు.