అప్రమేయం అంటే ప్రమేయం లేకపోవడమా?

సందేహం: ఒక సంస్మరణ సభలో వక్త ‘ఆయన సేవలు అప్రమేయమైనవి’ అన్నారు. ‘ఇందులో నా ప్రమేయం లేదు’ అని మనం అంటుంటాం కదా! ఆ లెక్కన అప్రమేయం అంటే ‘సంబంధం లేనిది’ అనే అర్థం రావాలి. మరి అది పొగడ్త ఎలా అయింది? అమేయం, అప్రమేయం ఒకటేనా?

సమాధానం: పొగడ్తే, అనుమానం లేదు. ప్రమేయం అనే మాట తెలుగులో అర్థం మార్చుకుంది, అప్రమేయం మాత్రం పాత అర్థంలోనే ఉండిపోయింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

సంస్కృతంలో ‘మా’ ధాతువుకు కొలవడం అని అర్థం. మానం, మితం, పరిమాణం దాని నుంచి పుట్టినవే. ఇవ్వదగినది దేయం, తాగదగినది పేయం, పాడదగినది గేయం అయినట్టే కొలవదగినది మేయం. కొలతకు లొంగనిది అమేయం. దీన్ని అజేయంతో కలిపేయకండి. అజేయం అంటే జయించరానిది.

‘ప్ర’ చేరేసరికి కొలవడం కాస్తా తెలుసుకోవడం అవుతుంది. ఉన్నది ఉన్నట్టు తెలుసుకోవడం ప్రమ. అందుకు సాధనం ప్రమాణం, అలా తెలుసుకోదగిన విషయం ప్రమేయం. మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనం చెప్పే 16 పదార్థాల్లో, అంటే చర్చించే అంశాల్లో, మొదటి రెండూ ఈ ప్రమాణం, ప్రమేయాలే. ప్రత్యక్షం (ఇంద్రియాలతో నేరుగా తెలుసుకోవడం), అనుమానం (ఇక్కడ సందేహం కాదు, గుర్తును బట్టి ఊహించి తేల్చడం) వంటి ఏ ప్రమాణానికీ అందనిది అప్రమేయం. విష్ణు సహస్రనామాల్లో ‘అప్రమేయో హృషీకేశః’ అన్నచోట తీసుకోవలసిన అర్థం ఇదే. అందులోనే ‘అమేయాత్మా’ అని వేరే నామం కూడా ఉంది. నిఘంటువులు అప్రమేయానికి ‘కొలవరానిది’ అనే అర్థం కూడా ఇస్తాయి కానీ, సూక్ష్మంగా చూస్తే ‘ఇంత’ అని చెప్పలేనిది అమేయం, ‘ఇలాంటిది’ అని తేల్చలేనిది అప్రమేయం.

తెలుగులో ప్రమేయం ‘విషయం’ నుంచి ప్రసక్తికి, అక్కణ్నుంచి సంబంధానికి, జోక్యానికి జరిగింది. ఆ వాడుక తప్పు కాదు, స్థిరపడిపోయింది. అయితే ‘నా ప్రమేయం లేకుండా నిర్ణయం తీసుకున్నారు’ అనవలసిన చోట ‘అప్రమేయంగా తీసుకున్నారు’ అని రాస్తే ఆ భావం రాదు.

ఇక ఒక మనిషి సేవలను అప్రమేయం అనడం నిఘంటువు ప్రకారం చెల్లుతుంది. నేనైతే వాడను. ఆ సేవలేమిటో మనకు తెలుసు, తెలుసు కాబట్టే తలచుకుంటున్నాం. అక్కడ ‘అపారం’ హాయిగా సరిపోతుంది. పారం అంటే అవతలి ఒడ్డు, అది కనిపించనంత విస్తారమైనది అపారం. అపరిమితం అన్నది హద్దు పెట్టనిదానికి తగిన మాట. ఫోన్ ప్లాన్‌లో కాల్స్ అపరిమితమే అవుతాయి, అమేయం కావు. అసంఖ్యాకం లెక్కపెట్టే వాటికే పనికొస్తుంది. అసంఖ్యాక అభిమానులు సరే కానీ, అసంఖ్యాక అభిమానం అనలేం.

అచ్చ తెలుగులో ‘ఎనలేని’ అనే చక్కని మాట ఉంది. దీన్ని చాలామంది ‘ఎన్నలేని’, అంటే లెక్కించలేని అనుకుంటారు. ఎన అంటే సాటి. ఎనలేని సేవ అంటే సాటిలేని సేవ. అందుకే ‘సభకు ఎనలేని జనం వచ్చారు’ అనకూడదు, ‘లెక్కలేనంత మంది వచ్చారు’ అనాలి.