గజ్జి పట్టిన వీధికుక్కకి పాత ఇంజిన్ ఆయిల్ రాయొచ్చా?

దయచేసి రాయకండి. మీ వీధికుక్కకి చెవి అంచులు, మోచేతుల దగ్గర మొదలై వెంట్రుకలు ఊడిపోయి, రాత్రంతా గోక్కుంటోందంటే చాలావరకు అది గజ్జే. మా ఊళ్లో కూడా దీనికి పాత ఆయిలే వైద్యం. మా వీధిలో కర్రి అనే కుక్కకి మా బాబాయి ట్రాక్టర్‌లోంచి తీసిన ఆయిల్ ఒళ్లంతా పట్టించాడు. జాలితోనే చేశాడు పాపం. అది నాక్కుని రెండు రోజులు వాంతులు చేసుకుంది, మెతుకు ముట్టలేదు. గజ్జి మాత్రం పోలేదు.

చివరికి గోనెసంచిలో చుట్టి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు గారు దాని చెవి అంచుని వేళ్ల మధ్య పెట్టి రుద్దగానే, గోక్కుంటున్నట్టు వెనక కాలు గాల్లో ఆడించడం మొదలుపెట్టింది. అలా చేస్తే గజ్జి అయ్యుండే అవకాశం ఎక్కువట. బ్లేడుతో చర్మం గీకి మైక్రోస్కోప్ కింద కూడా చూశారు. అందులో గజ్జి తెచ్చే పురుగు కనబడకపోయినా గజ్జి లేదనుకోవడానికి వీల్లేదని చెప్పారు.

ఈ పురుగు చర్మంలోకి తొలుచుకుని వెళ్లి అక్కడే గుడ్లు పెడుతుంది. గుడ్డు పెద్ద పురుగు కావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ పురుగుల్ని చంపుతుంది కానీ గుడ్ల మీద పనిచేయదు. అందుకే రెండు వారాలకి మళ్లీ వేయాలి. నేను తప్పు చేసింది ఇక్కడే. మొదటి సూదికే దురద తగ్గింది కదా అని ఊరుకున్నాను, నెల తిరక్కుండానే మళ్లీ మొదటికొచ్చింది. రెండోసారి దాంతో కలిసి పడుకునే ఇంకో రెండు కుక్కలకీ వేయించాం. అప్పుడు గానీ పోలేదు.

గేదెల కోసం తెచ్చిన ఐవర్‌మెక్టిన్ సీసా ఇంట్లో ఉందని మీరే వేసేయకండి. బరువుని బట్టి మోతాదు డాక్టరే చెప్పాలి. కోలీ లాంటి కొన్ని కుక్క జాతులకైతే అది ప్రాణం మీదకి తెస్తుంది. కుక్క చేతికి చిక్కకపోతే తినిపించే మాత్రలు ఉన్నాయి, కాస్త ఖరీదైనా అడగండి. చిన్న కుక్కపిల్లకి దురద పెద్దగా లేకుండా మొహం మీద అక్కడక్కడ వెంట్రుకలు రాలితే డెమోడెక్స్ అనే వేరే రకం పురుగు వల్ల కావచ్చు, అది మామూలుగా వేరే కుక్కలకి అంటదు.

మనుషులకి అంటినా టెన్షన్ పడకండి. మా అమ్మకి చేతుల మీద దురద పొక్కులు వచ్చాయి, కర్రికి తగ్గాక అవీ పోయాయి. కుక్క గజ్జి పురుగు మన ఒంటి మీద ఎక్కువ కాలం బతకదు.

మొదటి సూది పడిన రోజే క్యాలెండర్‌లో 14వ రోజు చుట్టూ సున్నా చుట్టి పెట్టుకోండి.